పదవికి ముందే పని: తెలుగునాట క్రైస్తవ సంఘములును స్త్రీలును

మతసంస్థలు కాలముతోబాటు మారరాదనియు, మారినచో మతమే చెడుననియు తలంచువారు అన్ని మతములలోను కలరు. క్రైస్తవ కుటుంబములలోను ఈ తర్కము జరుగుచునే యున్నది. గుడిలో పాటలు మారినవనియు, వాద్యములు మారినవనియు, 2020లో కోవిడ్ వలన తలుపులు మూయబడినప్పుడు సెల్‌ఫోనులోనే ఆరాధన జరిగినదనియు పెద్దలు చెప్పుకొందురు. ఇవి కంటికి కనబడు మార్పులు. వీనికంటె లోతైన మార్పు మరియొకటి కలదు. గుడిలో ఎవరు బోధింపవచ్చును, ప్రభుభోజన సంస్కారమును ఎవరు నడపవచ్చును అను ప్రశ్నకు సంబంధించినది అది. మన సోదరీమణులు ఏ మతమునకు చెందినవారైనను ఇట్టి ప్రశ్న వారికి కొత్తది కాదు. కావున దానిని గూర్చి యీ నెల కొంత ముచ్చటింపదలచితిమి.

తెలుగుదేశమునకు వచ్చిన మిషనరీలకు ఒక చిక్కు ఎదురయ్యెను. పురుషుడైన బోధకుడు వీధి యరుగుమీద కూర్చుండగలడు గాని లోపలి వసారాలోనికి పోజాలడు. ఘోషాలోనున్న స్త్రీతో మాటాడుట అతనికి పొసగదు. ఆ గడప దాటగలది స్త్రీ మాత్రమే. ఇందువలన బైబిలు స్త్రీలను వర్గ మేర్పడెను. వీరు ఇల్లిల్లు తిరిగి, చదువురాని స్త్రీలకు అక్షరములు నేర్పి, బైబిలు కథలు చెప్పి, జబ్బుపడినవారి మంచముకడ కూర్చుండి ప్రార్థించెడివారు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మన రాగతాళములలో కట్టిన కీర్తనలవంటివి ఇట్టి పనికి మిక్కిలి అనువైనవి. పుస్తకము చదువలేనివారు సయితము పాటను కంఠస్థము చేయగలరు గదా! గుడిలో బోధించు నధికారము స్త్రీకి లేని దినములలోనే ఇంటిలోపలి బోధ స్త్రీల చేతిమీదుగా జరిగినది.

గుంటూరులో జరిగిన కథయు ఇట్టిదే. అమెరికా లూథరన్ మిషనువారు 1883లో అన్నా సారా కుగ్లర్ అను వైద్యురాలిని ఇక్కడకు పంపిరి. కాని వైద్యముకొరకు పంపలేదు. స్త్రీల నడుమ విద్యాబోధకొరకు పంపిరి. వైద్యముకొరకే స్త్రీని పంపుటకు మిషను పెద్దలు అప్పటికి సిద్ధముగా లేకుండిరి. అయినను రోగులు ఆమెను వెదకికొనుచు వచ్చిరి. ఆమె వైద్యము చేయసాగెను. 1885 చివరకు ఆమెను వైద్యురాలిగనే నియమింపవలసి వచ్చెను. 1898లో స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి తెరవబడెను. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూసెను. ఆమె విషయమున పని ముందును, పదవి తరువాతను వచ్చినవి.

సంఘమునకు మారుట చేతగాదని యెవ్వరును అనజాలరు. 1912లో వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు దోర్నకల్లునకు బిషప్పయిరి. ఆంగ్లికను సంఘమున బిషప్పు పదవి నందిన మొదటి భారతీయుడు ఆయనయే. తమిళదేశమున పుట్టియు తెలుగు నేర్చి, తెలుగు పల్లెలలో సేవచేసిన మహనీయుడు. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్లు దేవాలయమున మసీదునకుండునట్టి గుమ్మటములును, మీనారులును, హిందూ మండపమునకుండునట్టి స్తంభములును కలసి యున్నవి. తరువాత 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. బిషప్పులు గల ఆంగ్లికను సంఘమును, బిషప్పులు లేని ఇతర సంఘములును ఒక్కటిగా కలియుట ప్రపంచమున నదియే మొదలు. కట్టడము మారినది, జాతిభేదము దాటి పదవి వచ్చినది, శాఖాభేదములును తగ్గినవి. ఇన్ని మారినను గురుత్వము మాత్రము పురుషులకే నిలిచియుండెను.

దీనికి కారణముగా కొందఱు పౌలు వ్రాసిన పత్రికలను చూపుదురు. సంఘములో స్త్రీలు మౌనముగా నుండవలెనని ఆయన చెప్పెనని వారి వాదము. క్రీస్తు పండ్రెండుమంది శిష్యులును పురుషులే యని మరికొందఱందురు. దీనికి ఎదుటి పక్షమువారు బదులు చెప్పుచు, క్రీస్తు సమాధినుండి లేచిన వార్తను మొదట శిష్యులకు తెలిపినది మగ్దలేనే మరియయే గదా యనియు, అదే పౌలు ఫీబే యను స్త్రీని సంఘసేవకురాలిగ పేర్కొనెను గదా యనియు ప్రశ్నింతురు. గ్రంథ మొక్కటియే. చదువు కన్నులు వేఱు. ఇరుపక్షములవారును భక్తులే యని మరువరాదు.

వాదములు తెగకముందే అవసరము త్రోవ చూపిన సందర్భ మొకటి కలదు. జపానుతోడి యుద్ధకాలమున మకావు నగరమున ఆంగ్లికనులకు గురువు లేకపోయెను. బయటనుండి వచ్చుటకు వీలును లేకపోయెను. అక్కడ సేవచేయుచున్న లీ టిమ్ ఓయ్ అను చీనా స్త్రీకి హాంగ్‌కాంగు బిషప్పు హాల్‌గారు 1944 జనవరిలో గురుత్వ మిచ్చిరి. ఆంగ్లికను సంఘమున ఆమెయే మొదటి స్త్రీ గురువు. యుద్ధము ముగియగనే ఆక్షేపణలు లేచెను. 1946లో ఆమె ఆ యధికారమును విడిచిపెట్టవలసి వచ్చెను. ఆపదలో పనికివచ్చిన చేతులు ఆపద తీరగనే పనికిరానివైనవి! ఇట్టి న్యాయము మన యిండ్లలోను చూచుచునే యున్నాము గదా.

మన దేశమున 1976లో ఎలిజబెత్ పాల్‌గారు దక్షిణ ఇండియా సంఘమున గురుత్వము పొందిన మొదటి స్త్రీ యైరి. తరువాత 2013 సెప్టెంబరు 30వ తేదీన నంద్యాలలో ఇ. పుష్పలలితగారు బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆ సంఘమున బిషప్పయిన మొదటి స్త్రీ ఈమెయే. ఇందులో రెండు విశేషములు గమనింపదగినవి. 1947లో ఐక్యతకు సమ్మతింపక, పాత యాంగ్లికను పద్ధతిలోనే నిలిచిన ప్రాంతము నంద్యాల. అట్టి చోటనే ఈ కొత్త మార్పు జరిగినది. రెండవది, నంద్యాలకు మిషనరీలను పంపిన ఇంగ్లండు సంఘమున మొదటి స్త్రీ బిషప్పు అభిషేకింపబడినది 2015 జనవరిలో. అనగా ఈ విషయమున తెలుగు పట్టణమే ముందు నడచినది.

అన్ని సంఘములును ఈ త్రోవ పట్టలేదు. రోమను కతోలిక సంఘమున గురుత్వము పురుషులకే. అయినను 1962–65 నాటి రెండవ వాటికన్ మహాసభ తరువాత లాటినుకు మారుగా తెలుగున పూజ జరుగుటకు వీలు కలిగెను. 2021లో పోపు ఫ్రాన్సిసుగారు గ్రంథపఠనము చేయువారి పదవిని, పూజాపీఠముకడ సహాయపడువారి పదవిని స్త్రీలకును ఇచ్చిరి. ఆ పనులను స్త్రీలు పెక్కుచోట్ల అంతకు చాలకాలము ముందునుండియే చేయుచుండిరి. ఇక్కడను పని ముందు, పేరు తరువాత.

అయితే పదవి వచ్చినంతమాత్రమున చిక్కులు తీరవు. గురువుగారి భార్యను సంఘమువారు "అమ్మగారు" అని గౌరవముతో పిలుతురు. ఆదివారపు బడి, స్త్రీల కూడిక, బాలింతను చూచి వచ్చుట, చావింటికి పోయి ఓదార్చుట, వచ్చినవారికి కాఫీ యిచ్చుట, ఇవన్నియు ఆమెపై పడును. వీనికి జీతము లేదు, నియామకపత్రము లేదు. మరి గురువే స్త్రీ యైనచో, ఆ అమ్మగారి పని యెవరు చేయుదురు? ఆమె భర్త చేయునా? లేక రెండు పనులును ఆమెయే చేయవలెనా? పల్లెకు బదిలీ యైనప్పుడు భర్త యుద్యోగ మేమగును? అర్ధరాత్రి పొరుగూరినుండి చావుకబురు వచ్చినచో పసిబిడ్డ నెవరికి అప్పగించి పోవలెను? స్త్రీకి అంగీ తొడిగి వేదికపై నిలిపిన సంఘము ఈ ప్రశ్నలకు బదులు వెదకనిచో, మార్పు సగములో నిలిచిపోవును.

ఈ ప్రశ్నలు క్రైస్తవ స్త్రీలకే పరిమితములు కావు. బడిలోను, ఆసుపత్రిలోను, పంచాయతీలోను పదవి పొందిన ప్రతి స్త్రీకిని ఇవే యెదురగుచున్నవి. సంఘపు పెద్దలు జమాఖర్చులు చూచుకొను దినమున, జీతములేని యీ సేవను గూడ ఒక్కమారు లెక్కలోనికి తెచ్చుకొందురుగాక. వేదాంత కళాశాలలో చేరగోరు ఆడపిల్ల యింటనున్నచో, "నీకెందుకమ్మా" యనక, చదివి రమ్మని దీవింపవలసినదిగా మా చదువరులను కోరుచున్నాము. అంతవరకు గుడిలో దీపము తుడిచి, చాపలు పరచి, పిల్లలకు పాట నేర్పుచున్న మన యమ్మలను ఈ పుటనుండియే అభినందించుచున్నాము.