టీవీలో మెరిసే ఇల్లు, వీధిలో పెరిగే పన్ను

అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చిన మన సంఘ పెద్దల్ని, అక్కడ టీవీలో ఏం చూశారని అడగండి. చాలామంది ఇళ్లు బాగుచేసే కార్యక్రమాల గురించే చెబుతారు. వాటిలో కొట్లాటలు లేవు, సిగ్గుపడే దృశ్యాలు లేవు, భాష రాకపోయినా అర్థమవుతాయి. గోడలు చెమ్మగిల్లిన పాత ఇల్లు గంట తిరక్కుండా అద్దంలా తయారవుతుంది. 1994లో మొదలైన హెచ్‌జీటీవీ చానల్ ముఖ్యంగా ఈ సరుకు మీదే నిలబడింది.

విశ్వాసుల ఇళ్లలో ఎక్కువ ఆదరణ పొందినది 'ఫిక్సర్ అప్పర్'. టెక్సస్‌లోని వేకో నగరంలో చిప్, జోయన్నా గెయిన్స్ దంపతులు 2013 నుంచి 2018 వరకు దాన్ని నడిపారు. తమ క్రైస్తవ విశ్వాసాన్ని వాళ్లు ఎక్కడా దాచుకోలేదు. 2015లో ఊరి నడిబొడ్డున పాడుపడిన రెండు సైలోల దగ్గర అంగడి తెరిచారు. 1993 నాటి బ్రాంచ్ డేవిడియన్ల విషాదంతోనే లోకానికి తెలిసిన ఊరికి ఏటా లక్షల మంది పర్యాటకులు రావడం మొదలైంది. హోటళ్లు, ఉద్యోగాలు వచ్చాయి. దీన్ని తక్కువ చేసి మాట్లాడనక్కరలేదు.

అయితే టీవీ చూపనివి కొన్ని ఉన్నాయి. ఇల్లు వెతికే సన్నివేశం చాలాసార్లు ఇల్లు కొన్న తరువాత తీసినదే. చివర్లో కనిపించే సామాను ఇంటివారిది కాదు, కావాలంటే వేరే కొనుక్కోవాలి. ఇంతకన్నా పెద్దది దుమ్ము. 1978కి ముందు కట్టిన అమెరికా ఇళ్లలో సీసం కలిసిన రంగు ఉండవచ్చు. దాన్ని గీకితే లేచే దుమ్ము పసిపిల్లల మెదడుకు ప్రమాదం. ఆ కార్యక్రమంలో చూపిన ఇళ్లలో ఈ జాగ్రత్తల నియమాలు పాటించలేదని అమెరికా పర్యావరణ సంస్థ తేల్చింది. 2018లో ఆ దంపతుల కంపెనీ 40,000 డాలర్ల జరిమానా కట్టడానికీ, వేకోలోని ఇళ్లలో సీసం తొలగించడానికి 1,60,000 డాలర్లు వెచ్చించడానికీ ఒప్పుకుంది.

వాళ్లు ప్రధానంగా చేసింది ఉండబోయేవారి కోసం ఇల్లు బాగుచేయడం. 'ఫ్లిప్పింగ్' వేరు. అది చవకగా కొని, త్వరగా మెరుగులు దిద్ది, లాభానికి అమ్మే వ్యాపారం. అందులో వాడుకలో ఉన్న ఒక లెక్క ఉంది. బాగుచేశాక ఇల్లు మూడు లక్షల డాలర్లు పలుకుతుందనుకోండి. అందులో 70 శాతం, అంటే 2,10,000. దానిలోంచి మరమ్మతు ఖర్చు, ఓ 60,000 తీసేస్తే 1,50,000. అంతకుమించి ఇవ్వకూడదన్నది నియమం. మిగిలిన 90,000లో వడ్డీ, కమీషన్, పన్నులు పోగా లాభం. మరి అంత తక్కువకు ఎవరు అమ్ముతారు? తొందరలో ఉన్నవారు: ఆసుపత్రి బిల్లు ఉన్నవారు, పన్ను బకాయిపడ్డవారు, తల్లి చనిపోతే ఇల్లు ఎవరిదో తేలక తగవు పడుతున్న అన్నదమ్ములు. 'నగదుకు ఇల్లు కొంటాం' అనే అట్టముక్కలు పేద వీధుల స్తంభాలకే ఎందుకు కనిపిస్తాయో ఇప్పుడు తెలుస్తుంది.

అమ్మినవారి సంగతి అది. అమ్మనివారి సంగతి ఇంకా చిత్రం. వేకోలో 28,000 డాలర్లకు కొన్న ఒక చిన్న ఇంటిని, టీవీలో చూపిన తరువాత 2017లో 9,50,000కు అమ్మకానికి పెట్టారు. అడిగిన ధర వేరు, వచ్చే ధర వేరు, నిజమే. కానీ వీధిలో ఒక ఇల్లు ఎక్కువకు అమ్ముడైతే పక్కింటి విలువనూ దాన్నిబట్టే లెక్కగడతారు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు, కాబట్టి బడులకూ ఊరికీ కావలసిన డబ్బులో పెద్ద వంతు ఇంటిపన్ను నుంచే రావాలి. సొంతంగా నివసించే ఇంటికి పన్ను విలువను ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదన్న రక్షణ ఉంది. అయినా ఏటా అలాగే పెరిగితే ఏడేళ్లలో దాదాపు రెట్టింపు. పెన్షన్ రెట్టింపు కాదు కదా. అద్దె ఇంటికి ఈ రక్షణ వర్తించదు, యజమాని ఆ భారాన్ని అద్దెలో కలుపుతాడు. సొంత ఇల్లున్నవాడు వెళ్లిపోతే చేతిలో కొంత డబ్బయినా ఉంటుంది. అద్దెకున్నవాడికి సామాను మోసే ఖర్చే మిగులుతుంది.

ఇలా డబ్బున్నవారు చేరి, అంతకుముందున్నవారు కదిలిపోవడాన్ని 1964లో రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త లండన్‌ను చూసి 'జెంట్రిఫికేషన్' అన్నారు. సంఘాలను కూడా ఇది వదలదు. వాషింగ్టన్ నగరంలో 1970లో పదిమందిలో ఏడుగురు నల్లజాతివారు, 2020 నాటికి నలుగురే. అక్కడి షా ప్రాంతంలో సభ్యులు శివార్లకు వెళ్లిపోయి ఆదివారం కారులో వచ్చేవారు; 2015లో చర్చి ముందు సైకిల్ దారి వేస్తామంటే, మా వాళ్లు కార్లెక్కడ పెట్టాలని ఒక సంఘం గొడవపడింది. అదే ప్రాంతంలోని లింకన్ టెంపుల్ సంఘం 2018లో చివరి ఆరాధన చేసి తలుపులు మూసింది.

లేవీయకాండము 25వ అధ్యాయంలో ఇళ్ల అమ్మకం గురించి ఒక నియమం ఉంది. మన ప్రసంగాల్లో అరుదుగా వినిపిస్తుంది. ప్రాకారమున్న పట్టణంలో ఇల్లు అమ్మినవాడు ఏడాదిలోగా విడిపించుకోవచ్చు, ఆ తరువాత అది కొన్నవాడిదే. ప్రాకారం లేని పల్లెలో ఇల్లు మాత్రం పొలంతో సమానం, సునాద సంవత్సరంలో తిరిగి రావలసిందే. అంటే ధర్మశాస్త్రం వ్యాపారాన్ని పూర్తిగా ఆపలేదు, పొలం మీద బతికేవాడి ఇంటిని మాత్రం అంగడి సరుకుగా వదల్లేదు.

ఆ ఆలోచనకు దగ్గరగా ఉన్న ఏర్పాటు అమెరికాలోనే ఉంది, దాని వేరు ఒకటి మన నేలలో ఉంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలిచ్చారు. ఆ భూదానం నుంచి గ్రామదానం పుట్టింది. గ్రామదానం నుంచి ప్రేరణ పొందినవారు, నల్లజాతి రైతుల కోసం పోరాడుతున్న చార్లెస్ షెరాడ్ వంటివారితో కలిసి 1969లో జార్జియాలో 'న్యూ కమ్యూనిటీస్' స్థాపించారు. నేల ట్రస్టుది, ఇల్లు కుటుంబానిది. ఇల్లు అమ్ముకోవచ్చు గాని, తరువాతి పేద కుటుంబం కొనగలిగే ధరకే. ఈ పద్ధతి ఇప్పుడు అమెరికాలో ఎన్నో నగరాల్లో ఉంది.

వేకోలోనూ మంచి గుర్తులున్నాయి. 1992 నుంచి వంతెన కింద నిరాశ్రయులతో ఆరాధించే ఒక సంఘం, 2019లో రహదారి పనుల వల్ల చోటు కోల్పోతే గెయిన్స్ దంపతులు తమ సైలోల ఆవరణలో చోటిచ్చారు. ఆ ఊళ్లోనే ఒక క్రైస్తవ సేవాసంస్థ 2016లో పేదల వీధిలో లాభాపేక్షలేని కిరాణా కొట్టు తెరిచి దానికి జూబిలీ అని పేరుపెట్టింది.

డల్లాస్, హ్యూస్టన్‌లలో పెట్టుబడిగా ఇళ్లు కొంటున్న మన తెలుగు కుటుంబాలు తక్కువేం కాదు. మెరుగులు దిద్దిన ఇల్లయితే అది ఎప్పుడు చేతులు మారిందో కౌంటీ రికార్డుల్లో చూడండి, 1978కి ముందుదైతే సీసం పరీక్ష అడగండి. లోపల అద్దెకున్నవారుంటే, సంతకానికి ముందు వాళ్లు ఎన్నేళ్లుగా ఉంటున్నారో, ఎంత కడుతున్నారో, పిల్లలు ఏ బడికి వెళ్తున్నారో కనుక్కోండి. పన్ను పెరిగిన మేరకే అద్దె పెంచితే మీ లెక్క ఎక్కడ తేలుతుందో కూడా ఒకసారి కాగితం మీద వేసి చూడండి.