అంగుళంలో వెయ్యో వంతు

నీటిమీద పదహారు సెకన్ల పరుగు. దాని వెనుక ఎన్నో ఏళ్ళ కొలతలు, ఓటములు, ఓర్పు.

అది 1922వ సంవత్సరపు వేసవి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, పెపిన్ సరస్సు ఒడ్డున ఉన్న లేక్ సిటీ అనే చిన్న పట్టణంలో, రాల్ఫ్ శామ్యూల్సన్ అనే 18 ఏళ్ళ యువకుడిని ఒక ప్రశ్న వేధిస్తున్నది. మంచుమీద జారగలిగిన మనిషి నీటిమీద ఎందుకు జారలేడు?

మొదట అతడు పీపా చెక్కలను పాదాలకు కట్టుకుని చూశాడు. అవి మునిగిపోయాయి. తరువాత మంచుమీద జారేందుకు వాడే స్కీలను ప్రయత్నించాడు. అవీ మునిగాయి. చివరకు 8 అడుగుల పొడవు, 9 అంగుళాల వెడల్పు గల రెండు పైన్ చెక్కలు కొని, వాటి కొసలను మరుగుతున్న నీటిలో మెత్తబరచి, పైకి వంచి బిగించాడు. పాదాలు నిలవడానికి తోలు పట్టీలు తగిలించాడు. అన్న బెన్ పడవ నడుపుతుండగా, కిటికీలకు వాడే తాడును పట్టుకుని నీటిలో దిగాడు. అయినా పలుమార్లు పడిపోయాడు. జూలై 2వ తేదీన శరీరాన్ని వెనుకకు వాల్చి, చెక్కల కొసలను నీటిపైకి ఎత్తి ఉంచాడు. పడవ లాగింది. ఈసారి అతడు నీటిమీద నిలిచాడు. మరునాటికి అతనికి 19 ఏళ్ళు నిండాయి.

వాటర్ స్కీయింగ్ అనే క్రీడ ఆ విధంగా పుట్టింది. ఆ మొదటి విజయంలోనే ఆ క్రీడ రహస్యమంతా ఇమిడి ఉన్నది. శామ్యూల్సన్ పరికరాన్ని మార్చుకున్నాడు. అది చాలలేదు. తరువాత తనను తాను మార్చుకున్నాడు. రెండూ కలిసినప్పుడే నీరు అతనిని మోసింది. నూరేళ్ళు గడిచినా, ఈ రెండింటిలో ఏది మార్చవలసినదన్న ప్రశ్న ప్రతి స్కీయర్‌నూ వెంటాడుతూనే ఉన్నది.

ఆరు బంతుల ప్రయాణం

ఈ ప్రశ్న అతి తీవ్రంగా ఎదురయ్యేది స్లాలమ్ అనే పోటీలో. ఏటవాలు నేలమీది బాట అని అర్థమిచ్చే నార్వే దేశపు మాట అది. మంచుకొండల నుంచి నీటిమీదికి వచ్చి అక్కడా స్థిరపడింది.

స్లాలమ్ బాట పొడవు 259 మీటర్లు. పడవ దాని నడుమ నిటారుగా సాగిపోతుంది. ఆ నడిమి గీతకు 11.5 మీటర్ల ఎడంగా, కుడివైపు మూడు, ఎడమవైపు మూడు చొప్పున ఆరు బంతులు నీటిపై తేలుతూ ఉంటాయి. ఒకే స్కీ మీద, ఒక పాదం వెనుక మరొక పాదం ఉంచి నిలబడిన ఆటగాడు 2.5 మీటర్ల వెడల్పు గల ద్వారం గుండా ప్రవేశించి, పడవ వెనుక లేచే అలను ఆరుసార్లు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు దాటుతూ, ప్రతి బంతినీ వెలుపలి నుంచి చుట్టి, చివరి ద్వారం గుండా బయటపడాలి. పురుషుల పోటీలో పడవ గరిష్ఠ వేగం గంటకు 58 కిలోమీటర్లు, స్త్రీల పోటీలో 55. పురుషుల వేగం వద్ద బాట అంతా ముగియడానికి పట్టేది సుమారు 16 సెకన్లు. ఒక బంతికీ మరొక బంతికీ నడుమ రెండున్నర సెకన్లు మాత్రమే.

ఆరు బంతులనూ చుట్టి వచ్చినవానికి లభించే బహుమానం మరింత కష్టం. గరిష్ఠ వేగాన్ని చేరిన తరువాత పడవ వేగం పెరగదు, తాడు పొడవు తగ్గుతుంది. 18.25 మీటర్లు, 16, 14.25, 13, 12, 11.25, 10.75, 10.25 అంటూ మెట్టు మెట్టుగా అది కురచనవుతుంది. పడిపోయేవరకూ, లేక ఒక బంతిని తప్పేవరకూ ఈ పరీక్ష ఆగదు. అనగా ఈ ఆటలో ప్రపంచ విజేత సైతం సాధారణంగా ఓటమితోనే తన వంతు ముగిస్తాడు.

ఇక్కడొక చిత్రమైన లెక్క ఉన్నది. బంతి నడిమి గీతకు 11.5 మీటర్ల దూరాన ఉన్నది. తాడు 11.25 మీటర్లకు కుదించినప్పుడు అది బంతిని అందుకోజాలదు. ఆ లోటును పూరించవలసినది ఆటగాని శరీరమే. ఒక చేత్తో పిడిని పట్టుకుని, చేతిని పూర్తిగా చాచి, ఒళ్ళంతా నీటికి వాల్చి, పాదాల కింది స్కీని బంతి ఆవలికి పంపాలి. 2013లో అమెరికా ఆటగాడు నేట్ స్మిత్ 9.75 మీటర్ల తాడుతో రెండున్నర బంతులు సాధించి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అక్కడ తాడు బంతికి 1.75 మీటర్లు తక్కువ!

చేప వాజం వంటి పలక

స్కీని తిరగవేసి చూస్తే తోక దగ్గర చేప వాజం వలె నిలిచిన చిన్న అల్యూమినియం పలక కనబడుతుంది. దానిని ఫిన్ అంటారు. పడవకు చుక్కాని ఎటువంటిదో స్కీకి ఫిన్ అటువంటిది. తేడా ఒక్కటే: చుక్కానిని ప్రయాణంలో తిప్పవచ్చు. ఫిన్‌ను మాత్రం ఒడ్డున మరలు వదులుచేసి, కొలిచి, మళ్ళీ బిగించాలి. ఆ తరువాత నీటిలో ఏమి జరిగినా మార్చడానికి వీలులేదు.

దానికి మూడు ముఖ్యమైన కొలతలు: స్కీ అడుగు నుంచి ఎంత లోతుకు దిగి ఉన్నది, ఎంత పొడవున్నది, తోక చివరి నుంచి ఎంత దూరాన ఉన్నది. లోతు సుమారు రెండున్నర అంగుళాలు. ఆటగాళ్ళు దీనిని కాలిపర్‌తో అంగుళంలో వెయ్యో వంతు వరకు కొలుస్తారు. ఒక మామూలు కాగితం మందం అంగుళంలో సుమారు వెయ్యింట నాలుగు వంతులు. ఒకటి రెండు కాగితాల మందమంత మార్పుకే స్కీ నడవడి మారినట్లు అనుభవజ్ఞులైన ఆటగాళ్ళు గుర్తించగలరు.

ఫిన్ లోతుగా ఉంటే తోక నీటిని గట్టిగా పట్టి ఉంచుతుంది. మరీ లోతైతే మలుపు దగ్గర స్కీ మొరాయిస్తుంది. లోతు తగ్గితే తోక సులువుగా జారి స్కీ త్వరగా తిరుగుతుంది. మరీ తగ్గితే తోక పట్టు తప్పి, ఆటగాడు నీటిపాలవుతాడు. ఫిన్‌ను ముందుకు జరిపితే సాధారణంగా మలుపు చురుకుగా ఉంటుంది, వెనుకకు జరిపితే నిలకడ పెరుగుతుంది. ఫిన్‌కు అడ్డంగా అమర్చిన చిన్న రెక్క మరొక సాధనం. దాని వంపును కొద్ది డిగ్రీలు మార్చితే, బంతిని సమీపించే వేళ స్కీ వేగం తగ్గే తీరు మారుతుంది. బూట్లను ముందుకు జరిపితే స్కీ ముక్కు నీటిలో మరికొంత దిగుతుంది, వెనుకకు జరిపితే తేలుతుంది.

చిక్కేమిటంటే ఇవి ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. లోతు మార్చబోతే పొడవు మారుతుంది, పొడవు సరిచేయబోతే తోక నుంచి దూరం మారుతుంది. వీణ మెట్లను సర్దే పనివాడికి ఈ బాధ తెలుసు. ఒక స్వరం కుదిరిందనుకున్నంతలో మరొకటి తప్పుతుంది. పైగా నీరు కూడా స్థిరమైనది కాదు. చల్లని నీటికి చిక్కదనం ఎక్కువ. ఉత్తరాది సరస్సులో వసంతకాలంలో కుదిరిన కొలత, వేసవిలో ఫ్లోరిడాలోని గోరువెచ్చని నీటిలో కుదరకపోవచ్చు.

పడవ సైతం ఈ లెక్కలో ఒక భాగమే. పూర్వం వేగాన్ని నిలపడం డ్రైవరు చేతి నేర్పు మీద ఆధారపడేది. ఇప్పుడు ఉపగ్రహ సంకేతాల సాయంతో పనిచేసే యంత్రం ఆ పని చేస్తున్నది. ఆటగాడు తాడును బలంగా లాగినప్పుడు ఇంజను ఎంత త్వరగా, ఎంత గట్టిగా బదులివ్వాలో ముందుగానే ఎంచుకునే వీలు అతనికి ఉన్నది.

తప్పు స్కీదా, మనిషిదా?

స్కీయింగ్ జరిగే ప్రతి సరస్సు దగ్గరా కనిపించే ఒక ఆటగాణ్ణి ఊహించుకుందాం. వయసు నలభై దాటింది. వారమంతా ఉద్యోగం, వారాంతంలో ఆట. మూడు వేసవులుగా 13 మీటర్ల తాడు దగ్గర మూడో బంతిని దాటలేకపోతున్నాడు. మొదట స్కీ పాతదని కొత్తది కొన్నాడు. రెండు వారాలు బాగుంది. తరువాత మళ్ళీ మూడో బంతే. ఫిన్ లోతు తగ్గించాడు. కుదరక బూట్లు ముందుకు జరిపాడు. ఎవరో చెప్పారని రెక్క వంపు పెంచాడు. చివరకు తాను ఎక్కడ బయలుదేరాడో తనకే తెలియని స్థితికి వచ్చాడు. ఏ మార్పు మేలు చేసిందో, ఏది కీడు చేసిందో చెప్పగల ఆధారం అతని దగ్గర లేదు.

ఇతనికి అనుభవజ్ఞులు చెప్పే మందు చాలా సాదాది. తయారీదారు సూచించిన కొలతలకు తిరిగి వెళ్ళాలి. వాటిని పుస్తకంలో రాసుకోవాలి. ఒకసారికి ఒక్కటే, అదీ స్వల్పంగా, మార్చాలి. ఆ మార్పుతో ఒక పూట కాదు, పలు పూటలు స్కీ చేయాలి. తేదీ, నీటి వేడిమి, గాలి, తాడు పొడవు, బంతుల సంఖ్య రాసిపెట్టాలి. మేలు కనబడకపోతే పాత కొలతకు మరలాలి. ఉత్సాహం కంటే క్రమశిక్షణ ఎక్కువగా కావలసిన పని ఇది.

ఆ పుస్తకం నిండుతున్న కొద్దీ ఒక చేదు నిజం బయటపడుతుంది. మూడో బంతి దగ్గర పోయినట్లు కనిపించిన ఆట నిజానికి ద్వారం దగ్గరే పోయింది. అతడు ప్రవేశించడమే ఆలస్యం. ఆ ఆలస్యం ఒక్కొక్క బంతికీ వడ్డీ వలె పెరిగి మూడో బంతి దగ్గర అప్పుగా తేలింది. నడుము వంగి ఉన్నది. లాగవలసినది శరీరపు వాలు కాగా, చేతులు లాగుతున్నాయి. ఈ లోపాన్ని ఏ ఫిన్ సరిదిద్దగలదు? చక్కగా అమర్చిన స్కీ మంచి భంగిమకు ప్రతిఫలమిస్తుందే గాని, భంగిమను దానం చేయలేదు.

అలాగని ప్రతి తప్పూ మనిషిదే అనుకోవడమూ పొరపాటే. ఫిన్ మర వదులై తన చోటు నుంచి జరిగిందేమో ముందు చూసుకోవాలి. భంగిమ కుదిరినా, ఒకే వైపున, ఒకే తీరుగా, దినదినమూ తోక జారుతుంటే అప్పుడు కాలిపర్ చేతబట్టడం న్యాయం.

రెండో అవకాశం లేని చోటు

ఈ తీర్పును నిష్పక్షపాతంగా చెప్పేది పోటీ ఒక్కటే.

సాధనలో పడిపోతే పడవ తిరిగి వస్తుంది. మళ్ళీ ప్రయత్నించవచ్చు. పది ప్రయత్నాలలో ఒక్కసారి ఆరు బంతులూ దొరికితే, ఆ ఒక్కటే మనసులో నిలుస్తుంది, తక్కిన తొమ్మిదీ మరపున పడతాయి. పోటీలో ఆ సౌకర్యం లేదు. ప్రవేశద్వారం తప్పితే ఆ పరుగుకు బంతులేవీ లెక్కకు రావు. నీరు కొత్తది, పడవ కొత్తది, డ్రైవరు కొత్తవాడు. ఎదురుగాలి వీచినా, గుండె దడదడలాడినా, న్యాయనిర్ణేతలు చూసేది బంతులనే. పావు బంతి, అర బంతి వరకు లెక్కగడతారు.

అందుచేతనే సాధనలోని ఉత్తమ ఫలితానికీ పోటీలోని ఫలితానికీ నడుమ ఉన్న అంతరమే ఆటగాని నిజమైన కొలత. ఆ అంతరాన్ని తగ్గించుకోవడానికి కొందరు సాధననే పోటీగా మార్చుకుంటారు. ఆ రోజు మొదటి ప్రయత్నం మాత్రమే లెక్క, తక్కినదంతా అభ్యాసం అని తమకు తామే నియమం విధించుకుంటారు. మరొక నియమం: పోటీ ముందునాడు ఫిన్‌ను తాకరాదు. ఆ రాత్రి చేసే మార్పు సాధారణంగా స్కీ కోసం కాదు, భయాన్ని ఊరడించడం కోసం.

కొలతా పోటీ రెండూ ఒకే మనిషిలో కలిసిన ఉదాహరణ ఇంగ్లండుకు చెందిన ఆండీ మాపుల్. 1981లో, 18 ఏళ్ళ వయసులో అతడు స్లాలమ్ ప్రపంచ విజేత అయ్యాడు. ఆ తరువాత ఎన్నో ఏళ్ళు అగ్రస్థానంలో నిలిచి, తానే స్కీల రూపకల్పనకు పూనుకున్నాడు. పోటీలో తాను తెలుసుకున్నది, ఇతరుల పాదాల కింద నిలిచే పలకలలోకి ప్రవేశించింది. 2015లో 52 ఏళ్ళకే మరణించినా, చూసేవారికి ఏ ప్రయాసా లేనట్లు కనిపించే అతని నడక ఈనాటికీ ఆటగాళ్ళకు ఆదర్శం.

అందరూ మాపుల్ కాలేరు. కానక్కరలేదు కూడా. అమెరికాలో ఈ పోటీలను వయసులవారీగా విభజించారు. 80 ఏళ్ళు దాటినవారికి సైతం ఒక విభాగం ఉన్నది. వారి పోటీ పక్కవానితో కన్నా నిరుటి తమతోనే. అర బంతి ఎక్కువ వస్తే ఆ ఏడు ధన్యం.

శామ్యూల్సన్ సాహసాన్ని లోకం చాలాకాలం మరచిపోయింది. అమెరికా వాటర్ స్కీ సంఘం అతనిని ఈ క్రీడకు ఆద్యుడిగా గుర్తించినది 1966లో. 1977లో అతడు కన్నుమూశాడు. వెయ్యో వంతులు కొలిచే కాలిపర్ అతని చేత లేదు. ఉన్నవి రెండు పైన్ చెక్కలు, మరుగుతున్న నీళ్ళు, పడిన ప్రతిసారీ తప్పు ఎక్కడున్నదని వెదికే మనసు. నేటి ఆటగాడు కాలిపర్‌ను పెట్టెలో సర్ది, స్కీ కట్టుకుని, చల్లని నీటిలో తాడు బిగిసే క్షణం కోసం ఎదురుచూసే వేళ అతని దగ్గర మిగిలేదీ అదే.