పేరు కనిపిస్తుంది, వెతికితే దొరకదు: ఉర్దూ, తెలుగు టైపింగ్‌లో తప్పు ఎక్కడ?

విజయవాడ పటమటలో నిఖా కార్డు వేయించాలన్నా, మస్జిద్ కమిటీ నోటీసు రాయాలన్నా ఒకే కాగితం మీద తెలుగు, ఉర్దూ రెండూ కావాల్సి వస్తుంటుంది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూ రెండో అధికార భాష అయ్యింది కాబట్టి అర్జీలు కూడా ఉర్దూలో పెట్టాలనుకునేవాళ్లు ఉన్నారు. పైసా ఖర్చు లేకుండా దొరికే లినక్స్, లిబ్రేఆఫీస్ ఈ పనికి సరిపోతాయి. చిక్కంతా కీబోర్డు దగ్గరే.

షకీల్ అనే పేరు తీసుకోండి. ఉర్దూకు బదులు అరబీ కీబోర్డు పెట్టుకుని కొట్టినా స్క్రీన్ మీద పేరు బాగానే కనిపిస్తుంది. కానీ అందులోని కాఫ్, యే రెండూ అరబీవి. యూనికోడ్‌లో ఉర్దూ కాఫ్ నంబరు 06ఏ9, అరబీ కాఫ్‌ది 0643. ఉర్దూ యే 06సీసీ, అరబీది 064ఏ. పేరు మధ్యలో ఉన్నప్పుడు కంటికి తేడా తెలీదు, కంప్యూటర్‌కు మాత్రం అవి వేర్వేరు అక్షరాలు. మదర్సా అడ్మిషన్ల జాబితాలో ఇలా పడితే, రేపు ఉర్దూ కీబోర్డుతో వెతికినవాళ్లకు ఆ పిల్లాడి పేరు ఉండి కూడా దొరక్కపోవచ్చు.

తేల్చుకోవడం తేలికే. లిబ్రేఆఫీస్ రైటర్‌లో ఆ అక్షరం తర్వాత, అంటే ఉర్దూలో ఎడమ పక్కన, కర్సర్ పెట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే నంబరు బయటపడుతుంది. మళ్లీ నొక్కితే అక్షరం వచ్చేస్తుంది. నొక్కే ముందు ఇంగ్లిష్ కీబోర్డుకు మారడం మంచిది. ఇంకో పరీక్ష పటమట పేరే. ఉర్దూలో అది రాయాలంటే పే, టే కావాలి. మామూలు అరబీ కీబోర్డు మీద ఆ రెండూ ఉండవు.

తెలుగులో గొడవ వేరు. నూర్‌జహాన్ అని కొడితే నూర్జహాన్ అని వత్తు పడిపోతుంది. నిజానికి ఇది బగ్ కాదు, పొల్లు తర్వాత హల్లు వస్తే కలిపేయడం మన లిపి పద్ధతి. విడిగా ఉంచాలంటే మధ్యలో కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టాలి. దాని నంబరు 200సీ. పొల్లు తర్వాత ఆ నంబరు ఇంగ్లిష్‌లో కొట్టి, వెంటనే ఆల్ట్, ఎక్స్ నొక్కితే సరి.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను హడలెత్తించిన ‘జ్ఞా’లోనూ ఇదే గుర్తు ఇరుక్కుని ఉంది. ఆ నెల 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 ఇచ్చేదాకా జనం ఎదురుచూడాల్సి వచ్చింది. ఓపెన్ సోర్స్‌లో కోడ్ అందరి ముందే ఉంటుంది కాబట్టి తెలిసినవాళ్లు ఎవరైనా దిద్ది పంపొచ్చు. కానీ ముందు తప్పు ఎక్కడుందో పట్టుకోవాలి.

అసలు అక్షరాలే పడకపోతే మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో కొట్టి చూడండి. అక్కడా రాకపోతే అనుమానం ఐబస్ మీద. టెర్మినల్‌లో ‘ఐబస్ రీస్టార్ట్’ కమాండ్ ఇచ్చి మళ్లీ చూడాలి. అక్కడ వచ్చి ఒక్క ప్రోగ్రామ్‌లోనే రాకపోతే ఆ ప్రోగ్రామ్‌నే పట్టుకోవాలి. అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే కీబోర్డును తిట్టడం అన్యాయం, అది ఫాంట్ లేకపోవడం. అను ఫాంట్లలో చేసిన పాత ఫైళ్లయితే యూనికోడ్‌లోకి మార్చుకోవాల్సిందే.

ఇవన్నీ చూశాక కూడా తప్పు అలాగే ఉంటే బగ్ రిపోర్ట్ పెట్టాలి. లిబ్రేఆఫీస్‌కు దాని సొంత బగ్జిల్లా ఉంది. ‘తెలుగు రావట్లేదు’ అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. సాఫ్ట్‌వేర్ వెర్షన్, కీబోర్డు లేఅవుట్ పేరు, ఏ వరుసలో ఏ కీలు నొక్కారు, ఏం రావాలి, ఏం వచ్చింది అన్నీ చెప్పాలి. చదివే డెవలపర్‌కు తెలుగు, ఉర్దూ రాకపోవచ్చు. అందుకని స్క్రీన్‌షాట్‌తో పాటు అక్షరాల నంబర్లు కూడా రాయండి.