కడిగిన పెరుగు డబ్బా, కుళ్లిన కూర: ఇంటి చెత్తలో అసలు లెక్క ఎక్కడుంది?

ఖాళీ అయిన పెరుగు డబ్బా కడిగి, ఆరబెట్టి, పొడి చెత్త బుట్టలో వేస్తాం. మర్నాడు పొద్దున్నే చెత్త బండి వస్తుంది. ఎవరింట్లోదో పులిసిన అన్నమూ మనం కడిగిన డబ్బా ఒకే తొట్టిలో పడతాయి. అది కళ్లారా చూశాక ‘ఇంత శ్రమ ఎందుకు?’ అనుకోని వాళ్లెవరు? ఆ ప్రశ్నను అంకెలతోనే తేల్చుకోవాలి. ఎందుకంటే ఏ చెత్త గురించి అడుగుతున్నామన్నదాన్ని బట్టి జవాబు చాలా మారిపోతుంది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 నివేదిక ప్రకారం దేశంలో రోజుకు సుమారు 1,60,000 టన్నుల చెత్త పోగవుతోంది. అందులో 95 శాతం, అంటే దాదాపు 1,52,700 టన్నులు సేకరిస్తున్నారు. ఇంటి ముందు నుంచి చెత్త ఎత్తుకెళ్లడం మన మున్సిపాలిటీలకు బాగానే అలవడింది. తర్వాతే చిక్కంతా. శుద్ధి అవుతున్నది 80 వేల టన్నులు, సరిగ్గా సగం. ఇంకో 29 వేల టన్నులు పూడ్చిపెడుతున్నారు. మిగిలిన 50 వేల టన్నులు, అంటే దాదాపు మూడో వంతు, ఏమవుతున్నాయో లెక్కలో కనిపించదు. బండి వెనకాల నిలబడ్డప్పుడు మనకు కలిగే అనుమానానికి ఆధారం ఉందన్నమాట.

ఇప్పుడు ఆ చెత్తలో ఏముందో చూద్దాం. కొలంబియా విశ్వవిద్యాలయంలో రంజిత్ అన్నెపు 2012లో చేసిన అధ్యయనం మన నగరాల చెత్తలో 51 శాతం కుళ్లిపోయే పదార్థమని, 17.5 శాతం మాత్రమే కాగితం, ప్లాస్టిక్, గాజు, లోహం లాంటి రీసైకిల్ సరుకని, 31 శాతం మట్టీ రాళ్లూ లాంటివని తేల్చింది. మొత్తంలో తేమే 47 శాతం. మన మాటలన్నీ ప్లాస్టిక్ చుట్టూ తిరుగుతుంటాయి, బరువంతా వంటింటి తొక్కల్లో ఉంది.

నలుగురున్న ఇంట్లో రోజుకు 2 కిలోల చెత్త వస్తుందనుకుందాం. పై శాతాల ప్రకారం తడి చెత్త కిలో, రీసైకిల్ సరుకు 350 గ్రాములు. ఏడాదికి తడిది 365 కిలోలు, పొడిది సుమారు 128. నగరం లెక్కలో వీధులు ఊడ్చిన మట్టి కూడా కలుస్తుంది కాబట్టి ఇంటి వరకే చూస్తే తడి వాటా ఇంకా ఎక్కువే ఉంటుంది.

ఈ 365 కిలోలు డంపింగ్ యార్డుకు చేరితే గాలి ఆడని లోతులో కుళ్లి మీథేన్ పుడుతుంది. నూరేళ్ల కాలానికి లెక్కిస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం (ఐపీసీసీ) ప్రామాణిక విలువలు వేసి చూస్తే, లోతైన చెత్త కుప్పలో పడిన టన్ను ఆహార వ్యర్థాల నుంచి 40 కిలోల మీథేన్ వస్తుంది. మన ఇంటి వాటా 14.6 కిలోలు. 28తో హెచ్చిస్తే 400 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోలు వస్తుంది, కాబట్టి ఇది దాదాపు 178 లీటర్ల పెట్రోలు. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే మోటారు సైకిలు మీద 8,900 కిలోమీటర్లు తిరిగినంత.

ప్లాస్టిక్‌కు ఇదే లెక్క వేద్దాం. రకాన్ని బట్టి కొంత తేడా ఉన్నా, కిలో ప్లాస్టిక్ రీసైకిల్ అయితే తగ్గేది ఒకటి రెండు కిలోల కార్బన్ డయాక్సైడ్. ఏడాదికి 30 కిలోల ప్లాస్టిక్ పారేసే ఇంట్లో అంతా, ఒక్క కవరు కూడా వదలకుండా, రీసైకిల్ అయినా 60 కిలోలే. తడి చెత్త లెక్క 400. ఓపిక కొంచెమే ఉందనుకుంటే దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో ఈ రెండు అంకెలే చెబుతున్నాయి.

నష్టం మీథేన్‌తోనే ఆగదు. తడి చెత్త నుంచి కారే నల్లటి ఊట భూమిలోకి ఇంకుతుంది. హైదరాబాద్ చెత్తంతా చేరే జవహర్‌నగర్ పక్కన మల్కారం చెరువును పాడుచేసింది ఆ ఊటే. ఇక అక్కడ 2020లో మొదలైన విద్యుత్ కేంద్రం లాంటివి కాల్చేది పొడి చెత్తను. దానికి తడి అంటితే మంట శక్తిలో కొంత నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది. సాంబారు కారిన అట్టపెట్టెను పేపరు మిల్లూ తీసుకోదు. కలిపితే రెండూ చెడతాయి.

కాబట్టి బండివాళ్ల మీద ఆధారపడని పని తడి చెత్తను ఇంట్లోనే ఆపడం. చిల్లులున్న కుండీ, ఎండుటాకులు లేదా కొబ్బరి పొట్టు, కాస్త పుల్లమజ్జిగ చాలు. కంపు కొడుతోందంటే తడి ఎక్కువై గాలి ఆడటం లేదని అర్థం, ఇంకో గుప్పెడు ఎండుటాకులు వేస్తే సర్దుకుంటుంది. రెండు నెలలకు బరువు సుమారు ఐదో వంతుకు దిగుతుంది. అంటే ఏడాదికి 70 కిలోల ఎరువు. అన్ని కుండీలు మన బాల్కనీల్లో లేకపోవచ్చు, మిగిలిన ఎరువు వీధి చెట్లకు వేయొచ్చు.

పొడి చెత్తలో అన్నీ ఒక్కటి కావు. అల్యూమినియం కరిగించి మళ్లీ వాడితే ఖనిజం నుంచి తీయడానికయ్యే విద్యుత్తు, ఇంధనంలో 95 శాతం మిగులుతుంది. ఇనుము, గాజు ఎన్నిసార్లయినా కరుగుతాయి. కాగితం పీచు మాత్రం ఐదారు సార్లకు అరిగిపోతుంది. నీళ్ల సీసాలకూ గిరాకీ ఉంది, కిలో తూగాలంటే లీటరు సీసాలు 40, 50 కావాలి. వీటిని పాత సామాన్లు కొనేవాళ్లకు ఇచ్చేస్తే చాలు, అవి బండి ఎక్కవు, తడిలో కలవవు. మన దేశంలో రీసైక్లింగ్ ప్రధానంగా నడుస్తున్నది ఆ చిన్న దుకాణాల మీదా, చెత్త ఏరుకునే వాళ్ల మీదానే.

చిప్స్ ప్యాకెట్ సంగతి వేరు. రెండు మూడు రకాల పొరలు, పలుచని లోహపు పూత కలిపి అతికించిన దాన్ని విడదీయడం ఖర్చుతో కూడిన పని, కొనేవాళ్లుండరు. చివరికి అది సిమెంటు ఫ్యాక్టరీ బట్టీకో డంపింగ్ యార్డుకో పోతుంది. 2015 నాటికి ప్రపంచంలో వ్యర్థంగా మారిన 630 కోట్ల టన్నుల ప్లాస్టిక్‌లో రీసైకిల్ అయింది 9 శాతమే. చిప్స్ ప్యాకెట్‌ను ఎలా విడదీయాలా అని గృహిణి తల పట్టుకోవడం అన్యాయం. అలా తయారుచేసిన కంపెనీని అడగాలి. 2022 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన నిబంధనలు ఆ బాధ్యతను కంపెనీల మీద పెట్టాయి. గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో రీసైకిల్ సరుకు వాటాను 2025-26లో 30 శాతంతో మొదలుపెట్టి 2028-29 నాటికి 60 శాతానికి తేవాలన్నాయి.

అయితే ఏ అంకెతోనూ తూచలేని ఒక విషయం ఉంది. కలిసిపోయిన చెత్తను చివరికి ఎవరో చేత్తోనే వేరు చేస్తారు. పగిలిన గాజు, బ్లేడు, సూది, చుట్టకుండా పారేసిన శానిటరీ ప్యాడ్ అన్నీ ఆ చేతికి తగులుతాయి. చాలాసార్లు ఆ చేతికి గ్లవ్స్ ఉండవు. వీటిని కాగితంలో చుట్టి విడిగా ఇవ్వడానికి పట్టేది అర నిమిషం. బండిలో తర్వాత ఏది దేనితో కలిసినా ఆ అర నిమిషం వృథా కాదు.

మరి బండి సంగతి? సాధ్యం కాదని మాత్రం అనుకోకండి. 2003లోనే సూర్యాపేట మున్సిపాలిటీ వీధి కుండీలు తీసేసి ఇంటింటి నుంచి తడి, పొడి వేరుగా తీసుకుంది. 2012 అక్టోబరులో వరంగల్ వారం రోజులు అదే పని చేసి చూపించింది. ఒక్కో ఇంటి మాట బండి దగ్గర చెల్లకపోవచ్చు, అపార్టుమెంటు మాట చెల్లుతుంది. రోజుకు సగటున 100 కిలోలకు పైగా చెత్త వచ్చే చోటును 2016 ఘన వ్యర్థాల నిబంధనలు భారీ ఉత్పత్తిదారుగా లెక్కించాయి. ఇంటికి 2 కిలోల చొప్పున 50 ఫ్లాట్లు దాటితే మీరూ ఆ కోవలోకే వస్తారు. తడి చెత్తను ఆవరణలోనే ఎరువుగా మార్చుకునే ఏర్పాటు, పొడి సరుకుకు వారానికోసారి వచ్చే స్క్రాప్ కొనుగోలుదారు, బండి తీసుకెళ్లింది ఎక్కడికి చేరుతోందో మున్సిపాలిటీకి రాతపూర్వకంగా ఒక ప్రశ్న: వచ్చే అసోసియేషన్ సమావేశంలో ఈ మూడూ ఎజెండాలో పెట్టించండి.