బొగ్గు తీసినంక జాగ ఎవరిది?

గోదావరిఖని నుంచి సెంటినరీ కాలనీ మీదుగా మంథని పోయేవాళ్లకు రెండు రకాల గుట్టలు కనిపిస్తాయి. ఒకటి రామగిరి ఖిల్లా, రాజులకు కోటగా పనికొచ్చిన అసలు గుట్ట. మిగతావి బొగ్గు గనుల సంస్థ సింగరేణి పోసినవి. బొగ్గు పొర మీదున్న రాయిని, మట్టిని పేల్చి, షావెళ్లతో ఎత్తి, డంపర్లతో తెచ్చి పోసిన కుప్పలవి. కార్మికుల మాటల్లో వాటి పేరు ఓబీ, అంటే ఓవర్‌బర్డెన్. ఓపెన్‌కాస్టులో టన్ను బొగ్గు చేతికి రావాలంటే సగటున ఐదు ఘనపు మీటర్లకు పైగా ఓబీ తీయాలి. 2023-24లో సింగరేణి తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు. అందులో అధిక భాగం ఓపెన్‌కాస్టులదే.

మొదట్లో ఇలా లేదు. 1871లో ఇల్లెందు దగ్గర విలియం కింగ్ బొగ్గు జాడ కనిపెట్టిన తర్వాత చాలాకాలం ఇక్కడ గని అంటే ‘బావి’. మనుషులు కిందికి దిగి బొగ్గు కొట్టేవారు. నేల అక్కడక్కడా కుంగినా, పైన చాలాచోట్ల నాగలి సాగేది. 1970ల నడుమ ఓపెన్‌కాస్టులు వచ్చి లెక్క మార్చేశాయి. ఇందులో గనికీ పొలానికీ కలిసి చోటుండదు. గొయ్యికి కొంత భూమి, కుప్పకు మరికొంత, రోడ్లకూ కాలనీలకూ ఇంకొంత పోతుంది.

పోయే భూమి ఎలాంటిదో చూడాలి. ఒకవైపు గోదావరి, మరోవైపు శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ ఉన్న ప్రాంతమిది. తరి పొలాలు, పత్తి చెల్కలతో పాటు ఊరి బర్లు, గొర్లు మేసే బంచరాయి కూడా పోతుంది. పట్టా పొలానికి ఎకరాకింత అని ధర కడతారు. బంచరాయికి పట్టాదారు ఉండడు కనుక బేరమాడే మనిషీ ఉండడు. పాడి మీద బతికే ఇంట్లో మేత ఖర్చు ఎంత పెరిగిందన్నది ఏ అవార్డు కాగితంలోకీ ఎక్కదు.

చట్టాలు లేక కాదు. 2013 భూసేకరణ చట్టంలోని 10వ సెక్షన్ ప్రకారం, సాగునీటి వసతితో ఏడాదికి ఒకటికి మించి పంటలు పండే భూమిని గత్యంతరం లేనప్పుడే తీసుకోవాలి. తీసుకుంటే అంత విస్తీర్ణంలో బంజరును సాగులోకి తేవాలి, లేదా ఆ భూమి విలువను వ్యవసాయం కోసం ప్రభుత్వం దగ్గర జమ చేయాలి. వినడానికి బాగుంది. కానీ బొగ్గు భూములకు 1957 నుంచి వేరే చట్టం ఉంది. దాని కింద సేకరణ జరిగితే పరిహారం, పునరావాసం 2013 చట్టం ప్రకారమే అందుతాయి. ఆహార భద్రత కోసం పెట్టిన 10వ సెక్షన్ మాత్రం వర్తించదు. అంటే రైతు నష్టానికి ఖరీదుంది, నేల నష్టానికి లేదు.

మరో దక్షిణాది రాష్ట్రం ఇంకో దారి పట్టింది. తమిళనాడు 2020లో చట్టం చేసి కావేరి డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటించింది. 2023లో కేంద్రం వేలానికి పెట్టిన గనుల జాబితాలో ఆ డెల్టా పరిసరాల లిగ్నైట్ బ్లాకులు మూడు కనిపించాయి. రైతులు, రాష్ట్ర ప్రభుత్వం గట్టిగా అభ్యంతరం చెప్పడంతో ఏప్రిల్‌లో వాటిని తప్పించారు. అదే రీతిన గోదావరిఖని ఉన్న రామగుండం ప్రాంతంలో గనులు ఆపాలనడం తేలిక కాదు. ఖని పట్టణం పుట్టిందే బొగ్గు వల్ల. సగం బజారు సింగరేణి జీతాల మీద నడుస్తుంది. అందుకే ఇక్కడ అసలు ప్రశ్న, బొగ్గు అయిపోయాక ఆ నేల మళ్లీ దున్నడానికి పనికొస్తుందా అన్నది.

జర్మనీలో రైన్ నది ప్రాంతపు లిగ్నైట్ గనులున్నది కూడా మంచి పంట భూముల్లోనే. తవ్వేముందే సారవంతమైన పైమట్టిని వేరు చేసి, గొయ్యి పూడ్చాక దాన్ని రెండు మీటర్ల మందాన పరుస్తారు. మొదటి మూడేళ్లు లూసర్న్ గడ్డి పెంచుతారు. దాని వేళ్లు నేలను గుల్ల చేస్తాయి, నత్రజని నిలుపుతాయి. ఏడేళ్లు కంపెనీయే సాగు చేసి, ఆ తర్వాత రైతులకు అప్పగిస్తుంది. అమెరికాలో 1977 చట్టం ఇంకాస్త కఠినం. మేలురకం పొలాన్ని తవ్విన కంపెనీ, తవ్వని పక్క పొలంతో సమానంగా పంట పండించి చూపితే తప్ప దాని పూచీ సొమ్ము వెనక్కి రాదు.

మన దగ్గర కూడా పైమట్టిని విడిగా దాచాలన్న షరతు పర్యావరణ అనుమతుల్లో ఉంటుంది. తవ్వకం ముగిశాక పశువుల మేతకు పనికొచ్చేలా గడ్డి పెంచాలనే షరతును లీజుల్లో చేర్చాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. బంచరాయి పోగొట్టుకున్న ఊళ్లకు ఇంతకంటే పనికొచ్చే తీర్పు లేదు. అయితే 1957 చట్టం కింద తీసుకుని తవ్వేసిన భూములను దేనికి వాడవచ్చో చెబుతూ 2022 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఒక విధానాన్ని ఆమోదించింది. అందులో వాషరీలు, రైల్వే సైడింగులు, విద్యుత్ ప్రాజెక్టులు, గ్యాసిఫికేషన్ ప్లాంట్లు ఉన్నాయి. వరి పొలం లేదు.

భూమి మీద ఒత్తిడి తగ్గించే దారులు రామగుండంలోనే ఉన్నాయి. ఎన్టీపీసీ తన జలాశయం మీద, సుమారు 500 ఎకరాల మేర తేలే సౌర పలకలు అమర్చి 2022 జూలై నాటికి 100 మెగావాట్లు సిద్ధం చేసింది. సెంటు పొలం పోలేదు. మూతపడిన మేడిపల్లి ఓపెన్‌కాస్టు గొయ్యిలో పంప్డ్ స్టోరేజీ విద్యుత్ కేంద్రం పెట్టాలని సింగరేణి తలపెట్టింది. పూడ్చలేని గొయ్యికి అది మంచి ఉపయోగమే. కానీ పూడ్చగలిగిన నేలంతా కరెంటుకూ నీలగిరి చెట్లకూ పోతే, పొలం ఇచ్చిన ఊరికి ఏం మిగిలింది?

ఇది తేలాల్సింది గని మొదలవకముందే. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. ముసాయిదా నివేదిక సారాంశం తెలుగులోనూ దొరకాలి. ఆ సభల్లో మైకు ముందు ఎక్కువగా వినిపించేది ఉద్యోగాలు, ఎకరా ధర, బ్లాస్టింగుతో గోడల పగుళ్లు. న్యాయమైనవే. అడగాల్సిన పట్టిక మరొకటుంది: తవ్వకం ముగిశాక అడవి ఎంత, నీటి గుంట ఎంత, సాగు భూమి ఎంత, మేత భూమి ఎంత. పైమట్టి కుప్ప ఏ సర్వే నంబర్లో పోస్తారు, ఎన్నేళ్లకు తిరిగి పరుస్తారు, పరిచాక దాన్ని ఎవరికిస్తారు అన్నవి కూడా అక్కడే, కలెక్టర్ ముందు, మినిట్సులో రాయించుకోవచ్చు.