వెనుక చక్రపు ఊగిసలాట: స్వింగ్ ఆర్మ్ బేరింగులను ఇంటియందే మార్చు విధము

ప్రతి ఉదయమును పాఠశాల ద్వారమువద్ద నిలిచి పిల్లలను లోనికి రప్పించుట మా అలవాటు. వారిలో చాలమంది తండ్రుల మోటారు సైకిళ్లమీదనే వత్తురు. గడచిన వర్షకాలమున ఒకనాడు ఒక బండి మలుపు తిరుగుచుండగా దాని వెనుక భాగము చేపతోక వలె అటునిటు కదలుట మా కంటబడినది. వెనుక ఇద్దరు బాలురు కూర్చుండియుండిరి. మేము ఆ తండ్రిని ఆపి, బండిని నడిమి స్టాండుపై నిలిపించి, వెనుక చక్రమును రెండు చేతులతో పట్టి ప్రక్కలకు ఊపి చూచితిమి. కదలరాని చక్రము టకటక చప్పుడుతో కదలినది. “రోడ్డు బాగలేదేమో అనుకొన్నాను మాస్టారూ, చాలా రోజులనుంచి ఇట్లే ఉంది” అని ఆయన చెప్పిరి. రోడ్డును నిందించవలసిన పని లేదు, అరిగినది బండియే. ఆనాటి ఆ మాటయే ఈ వ్యాసమునకు కారణము.

వెనుక చక్రము బండి చట్రమునకు నేరుగా బిగింపబడి యుండదు. చక్రమును ఇరువైపుల పట్టుకొనియున్న ఇనుప చేయి యొకటి కలదు. దీనినే స్వింగ్ ఆర్మ్ అందురు. దాని ముందుకొన ఒక పొడవైన ఇరుసుమీద తలుపు మడతబందువలె తిరుగును. వెనుకకొన చక్రముతో కూడ పైకి క్రిందికి ఊగును. గుంతలో చక్రము దిగినపుడు ఆ దెబ్బను షాక్ అబ్సార్బర్లు మ్రింగును. పూర్వపు బండ్లలో చాలవాటికి ఈ ఏర్పాటు లేదు; చక్రము చట్రమునకే గట్టిగా బిగింపబడి యుండెడిది. 1948లో ఇంగ్లండున ప్రదర్శింపబడిన బుల్లెట్ బండికి ఊగెడు చేయి యుండుట ఆనాడొక వింత. 1950 దశకమున మద్రాసు సమీపమున తిరువొత్తియూరులో ఆ బండి తయారు మొదలైనది. 1980లో మన హోసూరునుండియే టి.వి.ఎస్. 50 మోపెడ్ వెలువడినది. ఇట్లు బండ్లు పుట్టు ఊరిలో నివసించు మనకు వాటి కీళ్లనుగూర్చి కొంత తెలిసియుండుట ఉచితము.

ఆ ఇరుసుకును చేతికిని నడుమ నుండునవే బేరింగులు లేక బుష్షులు. వీనిలో రెండు ముఖ్యమైన జాతులు కలవు. నిత్యోపయోగమునకు వాడు చిన్న బండ్లలో హెచ్చుగా రెండు ఉక్కు గొట్టముల నడుమ రబ్బరు అంటించిన బుష్షులుండును. పెద్ద బండ్లలో పలువాటికి సన్నని సూదులవంటి ఉక్కు కడ్డీలు వరుసగా అమర్చిన నీడిల్ బేరింగులు, వాటి లోపల నునుపైన ఉక్కు ఒర, వెలుపల దుమ్ము సీళ్లు ఉండును. రబ్బరు కాలక్రమమున చీలిపోవును. నీడిల్ బేరింగు నీరు చొచ్చి, గ్రీజు ఎండి, తుప్పుపట్టి చెడును. అధిక పీడనముగల నీటితో బండి కడిగించుట దీనికి పెద్ద శత్రువు.

పరీక్ష రెండు నిమిషముల పని. బండిని నడిమి స్టాండుపై నిలిపి, మొదట చక్రమును పట్టి ప్రక్కలకు ఊపవలెను. చేయి కదలక చక్రము మాత్రమే కదలినచో దోషము చక్రపు బేరింగులది. పిమ్మట స్వింగ్ ఆర్మ్‌నే వెనుకకొనవద్ద పట్టి ఊపవలెను. అది ముందుకొనవద్ద ప్రక్కలకు కదలినచో దోషము ఈ కీలుది. ఈ భేదము తెలియక ఒకదానికి బదులు మరియొకటి మార్పించి డబ్బు పోగొట్టుకొన్నవారు కలరు.

ఇక విప్పుట. ముందుగా బండిని కడిగి ఆరబెట్టి, ఇరుసు నట్టుపై తుప్పు విడదీయు నూనె పోసి ఒక రాత్రి ఉంచవలెను. ముందు చక్రమునకు అటునిటు ఇటుకలు పెట్టవలెను. కొన్ని బండ్లలో ఈ ఇరుసే ఇంజనును కూడ మోయుచుండును. అట్టివానికి ఇంజను క్రింద చెక్కదిమ్మ నుంచక ఇరుసును లాగరాదు. చైను కప్పు, బ్రేకు కడ్డీ, వెనుక చక్రము, షాక్ అబ్సార్బర్ల క్రింది బోల్టులు వరుసగా తీయవలెను. తీసిన ప్రతి వాషరును, నట్టును తీసిన వరుసలోనే ఒక పాత పళ్లెరములో పేర్చవలెను. ఇరుసును తట్టవలసివచ్చినచో, మరలు చెడకుండ నట్టును చివరి అంచుకు సమానముగా తిరిగి ఎక్కించి, ఇత్తడి కడ్డీ నడ్డముంచి తట్టవలెను. కంటికి అద్దములు తప్పనిసరి. గట్టి ఉక్కు దెబ్బకు ముక్కలై ఎగురును.

చేయి వెలికివచ్చిన పిదప సీళ్లను, లోపలి ఒరను తీసి, పాత బేరింగు అంచునుండి ఎంత లోతుననున్నదో కొలిచి వ్రాసికొనవలెను. ఇక్కడ మా తప్పును దాచక చెప్పుదుము. మొదటిసారి మేము మా బండికి ఈ పని చేసినపుడు తొందరపడి కొత్త బేరింగును సుత్తితో కొట్టి ఎక్కింపజూచితిమి. అది వంకరగా దిగి, పల్చని పైచిప్ప నలిగి, సూదులు నేలపై చెల్లాచెదరైనవి. రెండవ బేరింగు కొనవలసివచ్చినది. ఈ పనిలో కొట్టుట కాదు, లాగుట విద్య అని ఆనాడు తెలిసినది.

లాగుటకు పనిముట్టు ఇంటిలోనే చేసికొనవచ్చును. పొడవున మరలుగల ఇనుప కడ్డీ యొకటి, రెండు నట్టులు, కొన్ని మందపు వాషర్లు, బేరింగుకంటె వెడల్పైన గొట్టపు ముక్క యొకటి చాలును. ఒక వాషరును రెండు ప్రక్కల ఆకురాయితో అరగదీసినచో అది బేరింగు రంధ్రములోనుండి ఏటవాలుగా దూరి, ఆవల నిటారై బేరింగు వెనుక నిలుచును. దానికి కడ్డీని తొడిగి, వెలుపల గొట్టమును చేతి అంచుకు ఆనించి, దానిపై వాషరు పెట్టి నట్టు బిగించుచు పోయినచో పాత బేరింగు మెల్లగా గొట్టములోనికి వచ్చును.

ఎక్కించుటకును ఆ కడ్డీయే సాధనము. కొత్త బేరింగును పొడి సంచిలో కట్టి రాత్రంతయు ఫ్రిజ్‌లోని మంచు అరలో ఉంచవలెను. ఉక్కు చలికి కొద్దిగా ముడుచుకొనును. చేతి గొట్టమును శుభ్రపరచి, మరుగునీటిలో ముంచిన గుడ్డలతో వేడిచేసి, తడి తుడువవలెను. అది కొద్దిగా వ్యాకోచించును. నిప్పుమంట పెట్టరాదు. బేరింగునకు అంకెలు చెక్కియున్న వైపు వెలుపలకు ఉంచి, ఆ వైపుననే బేరింగంత వెడల్పుగల వాషరుతో నొక్కవలెను. ఆ అంచే గట్టిది. వ్రాసికొన్న లోతునకు చేరగానే ఆపవలెను. పిమ్మట సూదుల నడుమ నీటికి తట్టుకొను గ్రీజు నిండుగా నింపి, కొత్త సీళ్లు పెట్టవలెను. పాత ఒరపై వ్రేలిగోటికి తగులు గాడి యున్నచో దానినికూడ మార్చవలెను. గాడిపడిన ఒర కొత్త బేరింగును త్వరలోనే తినివేయును.

రబ్బరు బుష్షులను మార్చుటకును ఈ లాగుడు పద్ధతియే పనికివచ్చును. కాని వానికి గ్రీజుగాని పెట్రోలుగాని తగులనీయరాదు. మరియొక రహస్యము కలదు. చేయి క్రిందికి వ్రేలాడుచుండగా ఇరుసు నట్టును పూర్తిగా బిగించినచో, మనిషి కూర్చుండినపుడెల్ల రబ్బరు మెలిపడి త్వరలో చీలును. కాబట్టి బండి చక్రములపై నిలిచి, బరువు మోయుచున్న స్థితిలోనే చివరి బిగింపు చేయవలెను.

బిగింపు బలమును బండి పుస్తకములో చెప్పినంతకే, కొలత పానాతో చేయవలెను. తనంతట సడలని జాతి నట్టు ఉన్నచో పాతది పారవేసి కొత్తది వేయవలెను. చైను వదులును సరిచూచి, బ్రేకు పెడలును నొక్కి పరీక్షించిన పిదప, ఒంటరిగా, మెల్లగా నాలుగు వీధులు తిరిగి రావలెను; ఆనాడు బిడ్డను ఎక్కించుకొనరాదు. మరునాడు నట్టులనన్నిటిని మరల చూడవలెను. చేయిలో పగులు కనిపించినను, గొట్టము అండాకారమున అరిగియున్నను, వంగియున్నను, పని అక్కడ ఆపి మంచి వర్క్‌షాపుకు తీసికొనిపోవలెను. ఇంటి పనికి హద్దు తెలిసికొనుటయు నేర్పులో భాగమే.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. ఈ పని చేయు ఆదివారమున పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొనుడు. ఇక్కడి వర్క్‌షాపులలో తమిళమో కన్నడమో వినవచ్చును. అదియు వారు నేర్చుకొనవలసినదే. కాని ఇరుసు, ఒర, గాడి, ఆకురాయి అను మాటలు వారికి పుస్తకములో కంటె మీ చేతులవద్ద త్వరగా అబ్బును. చలికి ఉక్కు ఏల ముడుచుకొనునో అడిగినచో చెప్పుడు. తెలియనిచో మా వద్దకు పంపుడు. బేరింగు మార్చుట అందరికి వీలుపడకపోవచ్చును. చక్రమును పట్టి ఊపి చూచుట అందరికిని సాధ్యమే. రేపటి ఉదయము బిడ్డను వెనుక కూర్చుండబెట్టుటకు ముందు ఆ రెండు నిమిషములు వెచ్చింపుడని కోరుచున్నాము.