మీకు తెలుసా? డార్విన్ దారుల్లో ఇంజిన్‌ను ఉడికించేది ఎండ కాదు, గడ్డి గింజ

ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న డార్విన్‌లో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత ఏడాది పొడవునా సగటున 30 నుంచి 33 డిగ్రీల మధ్యే ఉంటుంది. మే నెల రెంటచింతలనో రామగుండాన్నో చూసినవాళ్లకు అది ఎండలా అనిపించదు. అయినా ఊరు దాటి కకాడు, లిచ్‌ఫీల్డ్ నేషనల్ పార్కుల మట్టి దారులు పట్టిన ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లలో ఇంజిన్ వేడెక్కడం మామూలే. అప్పుడు చాలామంది మొదట చేసే పని పెద్ద రేడియేటర్ కొనడం. నిజానికి చాలా బండ్లకు ముందు కావాల్సింది పెద్ద రేడియేటర్ కాదు, ఉన్న రేడియేటర్‌లోంచి గాలి పోయే దారి.

ఆ దారిని మూసేది స్పియర్ గ్రాస్ అనే గడ్డి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా కురిసే వానలకు అది మనిషి ఎత్తును మించి పెరుగుతుంది. వానాకాలం చివర్లో వచ్చే గాలివానలకు గింజ రాల్చి నేలకొరుగుతుంది. ఆ గాలివానలను అక్కడివాళ్లు ‘నాకెమ్ డౌన్స్’ అంటారు. గింజకు ఒక చివర సూదిమొన, రెండో చివర పొడవాటి తోక. తడి తగిలితే తోక మెలి విప్పుకుంటుంది, ఆరితే మళ్లీ మెలితిరుగుతుంది. ఆ తిరుగుడుతోనే గింజ తనంతట తాను మట్టిలోకి దిగుతుంది. మన చేలగట్ల మీద నడిస్తే పంచెకూ చీర అంచుకూ గుచ్చుకుని ఎంత లాగినా రాని గడ్డిముళ్లు ఉంటాయే, ఆ బాపతే ఇదీ. రేడియేటర్ రేకుల సందులో ఇరుక్కుంటే ఇక అంతే. వానలు తగ్గి దారులు తెరిచాక మొదట వెళ్లే బండ్లకే ఈ బెడద ఎక్కువ, ఎందుకంటే చక్రాల గాళ్ల మధ్య పెరిగిన గడ్డి అంతా బంపర్ కిందికే వస్తుంది. ఇది చాలదన్నట్టు, పశువుల మేత కోసం ఆఫ్రికా నుంచి తెచ్చిన గాంబా గడ్డి కూడా డార్విన్ దక్షిణాన నాలుగు మీటర్ల ఎత్తు దాకా పెరుగుతోంది. 2008లో నార్తర్న్ టెరిటరీ ప్రభుత్వం దాన్ని కలుపు మొక్కగా ప్రకటించింది.

బయటి నుంచి చూస్తే ఈ గింజలు కనబడవన్నది అసలు చిక్కు. బండి ముందు ఏసీ కండెన్సర్, దాని వెనక కొద్దిపాటి ఖాళీ, ఆ వెనక రేడియేటర్. గింజలు కండెన్సర్ పక్కల నుంచీ కింది నుంచీ దూరి ఆ ఖాళీలో చేరతాయి. బానెట్ ఎత్తి, పైన ఉన్న ప్లాస్టిక్ మూత విప్పి, టార్చి వేసి ఆ సందులోకి చూడాలి. దుమ్ము, పురుగుల రెక్కలు, గింజల తోకలు కలిసి గోనెపట్టాలా పరుచుకుని ఉంటాయి. ముందు నుంచి నీళ్లు కొడితే ఆ పొర ఇంకా లోపలికి బిగుసుకుంటుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఇంజిన్ వైపు నుంచి బయటికి తోస్తూ కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే పలచటి రేకులు వంగిపోయి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది, కాబట్టి మామూలు గొట్టం ధారే మేలు. బండి కింద సైలెన్సర్ చుట్టూ చేరిన ఎండుగడ్డినీ అప్పుడే తీసేయాలి. ఆ గడ్డి వల్ల బండ్లు నిలువునా తగలబడ్డ సందర్భాలున్నాయి.

గింజలను ఆపే సన్నటి వల అమ్ముతారు, గ్రిల్ ముందు కట్టుకోవచ్చు. అయితే వల కూడా కొంత గాలిని ఆపుతుంది. గడ్డి దారిలో కట్టి, దులుపుతూ వెళ్లి, తారురోడ్డు ఎక్కగానే విప్పేయడం మంచిది.

డార్విన్‌లో వానలకు ముందు వచ్చే అక్టోబరు, నవంబరు నెలల ఉక్కపోత విశాఖవాళ్లకు తప్ప అంత సులువుగా అర్థం కాదు. ఆ తేమ ఇంజిన్‌ను నేరుగా వేడెక్కించదు, ఏసీ ద్వారా వేడెక్కిస్తుంది. ఏసీ లోపలి గాలిని చల్లబరచడంతో పాటు అందులోని ఆవిరిని నీరుగా మార్చాలి. బండి కింద ఒక లీటరు నీరు కారిందంటే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి కండెన్సర్ గుండా బయటికి వచ్చిందన్నమాట. ఎనిమిది లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగేదాకా తేవడానికి అంత వేడి సరిపోతుంది. ఆ వేడంతా కలిసిన గాలే వెనక ఉన్న రేడియేటర్‌కు అందుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడిని చూపే ముల్లు పైకి కదిలితే కాసేపు ఏసీ ఆపమని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే.

ఈ దారుల్లో బండ్ల పాట్లు కొత్తవి కావు. ఆస్ట్రేలియాను దక్షిణం నుంచి ఉత్తరానికి కారులో మొదట దాటినవాళ్లు హ్యారీ డటన్, ముర్రే ఔంజర్. 1907లో అడిలైడ్ నుంచి టాల్బట్ కారులో బయల్దేరారు కానీ టెనెంట్ క్రీక్ దాపున బండి వెనక ఇరుసు గేరు విరిగింది. పైగా వానలు ముంచుకొస్తున్నాయి. కారును అక్కడే వదిలేసి వెనుదిరిగారు. మరుసటి ఏడు ఇంకో టాల్బట్‌తో వచ్చి, పాతదాన్నీ బాగుచేసుకుని, 1908 ఆగస్టు 20న డార్విన్ చేరారు. అప్పటికి ఆ ఊరిపేరు పామర్‌స్టన్. రోడ్డు లేదు, టెలిగ్రాఫ్ స్తంభాల వరసే దారి. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆస్ట్రేలియా ఎడారి దారుల్లో తిరిగిన బండ్లకు ముందు ఒక కాన్వాసు నీళ్లసంచి వేలాడుతూ ఉండేది. గుడ్డలోంచి ఊరిన నీరు గాలికి ఆరుతూ లోపలి నీటిని చల్లగా ఉంచేది. తాగడానికీ అదే, రేడియేటర్‌కూ అదే.

రేడియేటర్ నుంచి పొంగిన నీరు వృథా కాకుండా పట్టుకునే ఆలోచనకు పేరు తెచ్చింది మాత్రం ఈజిప్టు ఎడారి. 1920లలో అక్కడ ఫోర్డ్ మోడల్ టీ కార్లలో ఇసుక దిబ్బలు దాటిన బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బాగ్నోల్డ్ పొంగు గొట్టాన్ని నీళ్లున్న డబ్బాలోకి పెట్టాడు. ఆవిరి అందులో చల్లారి నీరయ్యేది, ఇంజిన్ చల్లబడగానే ఆ నీరు వెనక్కి పీల్చుకుపోయేది. ఇవాళ చాలా బండ్ల బానెట్ కింద కనిపించే తెల్ల ప్లాస్టిక్ డబ్బా చేసేదీ అదే పని.

కూలెంట్ ఎంత చిక్కగా పోస్తే అంత చల్లదనం అనుకునేవాళ్లు చాలామంది. నిజం దానికి ఎదురు. వేడిని మోయడంలో నీటిని మించినది లేదు. గ్లైకాల్ చేసేది మరిగే బిందువును పెంచడం, తుప్పు మందును కలిపి ఉంచడం. సగం నీరు, సగం గ్లైకాల్ కలిపితే అది మామూలు ఒత్తిడిలో 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడిని నిలిపే మూత బిగిస్తే 129 డిగ్రీల దాకా ఆగుతుంది. ఆ 22 డిగ్రీల తేడా అంతా మూతలోని రబ్బరు వాషర్ చలవే. అది ఎండి పగిలితే ఎంత ఖరీదైన రేడియేటరైనా పొంగుతుంది. మెకానిక్ చెప్పకపోయినా మార్చాల్సిన మొదటి వస్తువు అదే. వేడి మీద మాత్రం ఆ మూతను ముట్టుకోకూడదు. ఒత్తిడి పోగానే లోపలి ద్రవం ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి లేస్తుంది.

డార్విన్ నుంచి దాదాపు 320 కిలోమీటర్ల దూరంలో ఉన్న కాథరిన్ ప్రాంతం కింద ఉన్నది సున్నపురాయి. బోరు నీళ్లు గట్టివి. దారిలో రేడియేటర్‌లో పోస్తే బండి ఇల్లు చేరుతుంది కానీ, ఆ నీరు గొట్టాల లోపల సున్నపు పొర కడుతుంది. లోహంతో పోలిస్తే ఆ పొర వేడిని పదుల రెట్లు తక్కువగా పంపుతుంది. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగు చూసిన మన పల్నాడు, ప్రకాశం, నల్లగొండ వాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ పెట్టుకు వెళ్లడం, అవసరానికి బోరు నీళ్లు పోయాల్సి వస్తే ఇంటికొచ్చాక మొత్తం ఒంపేసి కడగడం తప్పదు.

రాగి అల్యూమినియం కన్నా వేడిని బాగా పంపుతుంది. మరి రేడియేటర్లు అల్యూమినియంకు ఎందుకు మారాయి? రాగి, ఇత్తడి గొట్టాలను సీసం టంకంతో అతుకుతారు. ఆ టంకం వేడికి అంత మంచి వాహకం కాదు, గతుకుల దారిలో పగులుతుంది కూడా. అల్యూమినియం తేలిక, గొట్టాలు వెడల్పుగా పెట్టవచ్చు. గడ్డీ దుమ్మూ తీసి, మూత మార్చి, కూలెంట్ సరిచూసినా బండి వేడెక్కుతుంటే అప్పుడు నిండా అల్యూమినియంతో చేసిన రేడియేటర్ వేయించుకోవడం సబబు. ట్రైలర్ మీద పడవ లాగేవాళ్లకు దాని అవసరం నిజంగానే ఉంటుంది. డార్విన్‌లో అలాంటివాళ్లు తక్కువేం కాదు, బర్రముండి వేటకు వెళ్తారు. బర్రముండి అంటే మరేదో కాదు, మన గోదావరి జిల్లాల పండుగప్పే.

ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగును అడ్డమని తీసేయకూడదు. అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ మొత్తం మీదుగా కాక తన రెక్కల ఎదుట ఉన్నంత మేరకే గాలి లాగుతుంది. బెల్టుతో తిరిగే ఫ్యాన్ మధ్యలో సిలికాన్ నూనె నిండిన క్లచ్ ఉంటుంది. వేడెక్కితే పట్టు బిగిస్తుంది, చల్లారితే వదులుతుంది. నూనె కారిపోయిన పాత క్లచ్ ఎంత వేడెక్కినా జారుతూనే ఉంటుంది. దీన్ని తీసేసి ఎలక్ట్రిక్ ఫ్యాన్లు వేయించడం ఇప్పుడు వాడుకలో ఉంది కానీ, మెల్లగా బరువు లాగే పెద్ద డీజిల్ బండికి మంచి క్లచ్ ఉన్న పాత ఫ్యానే నయమని నా అభిప్రాయం. ఎలక్ట్రిక్ ఫ్యాన్ గెలిచేది నీళ్లు దాటేచోట, స్విచ్ నొక్కి ఆపేయవచ్చు. కకాడు, ఆర్న్‌హెమ్ లాండ్ మధ్య ఈస్ట్ ఆలిగేటర్ నది మీద ఉన్న కేహిల్స్ క్రాసింగ్ సముద్రపు పోటుకు మునుగుతుంది, మొసళ్లకు నెలవు. లోతు నీళ్లలో తిరిగే ఫ్యాన్ ఓడ ప్రొపెల్లర్‌లా పనిచేసి రెక్కలు ముందుకు వంగి రేడియేటర్‌ను కోసేస్తాయి. అక్కడ ఆగి దిగి చూసుకునే అవకాశం ఉండదు.

ఇసుకలో టైర్ల గాలి తగ్గిస్తే బండి తక్కువ శ్రమతో కదులుతుంది, ఇంజిన్ వేడి కూడా తగ్గుతుంది. పైసా ఖర్చు లేదు.

బానెట్ వెనక వైపు కీళ్ల కింద వాషర్లు పెట్టి ఎత్తితే వేడి బయటికి పోతుందని కొందరు చేస్తారు. హైవే వేగంలో అద్దం కింది భాగాన గాలి ఒత్తిడి ఎక్కువ. ఆ సందులోంచి గాలి లోపలికే తోసుకొస్తుంది, రేడియేటర్ గుండా రావాల్సిన గాలి తగ్గుతుంది.

థర్మోస్టాట్ పీకేయడం కూడా అలాంటిదే. అది ఇంజిన్ ఏ వేడి దగ్గర నిలకడగా పనిచేయాలో నిర్ణయిస్తుంది, రేడియేటర్ శక్తిని పెంచదు.

ఆటోమేటిక్ గేర్ ఉన్న చాలా బండ్లలో గేర్‌బాక్స్ నూనెను చల్లబరిచే గొట్టం రేడియేటర్ తొట్టి లోపలే ఉంటుంది. ఇసుకలో, ట్రైలర్ లాగేటప్పుడు ఆ నూనె వేడి రేడియేటర్ మీదే పడుతుంది. గొట్టం చిల్లిపడితే కూలెంట్, నూనె కలిసి గులాబీ రంగు గుజ్జవుతాయి, గేర్‌బాక్స్ పోతుంది. విడిగా ఒక ఆయిల్ కూలర్ పెట్టించడం ఈ దారుల్లో తిరిగేవాళ్లకు దండగ ఖర్చు కాదు. చలికాలమంటూ లేని డార్విన్‌లో నూనె వేడెక్కదేమోనన్న బెంగ కూడా లేదు.

చివరిగా డాష్‌బోర్డు ముల్లు సంగతి. చాలా కొత్త బండ్లలో అది ఇంజిన్ వేడిని ఉన్నదున్నట్టు చూపించదు. వేడి 80 దాటాక 100 దాటేదాకా నడుమ గీత దగ్గరే నిలబడేలా కంపెనీవాళ్లే అమరుస్తారు, లేకపోతే జనం ఊరికే కంగారు పడతారని. ముల్లు కదిలేసరికే ఆలస్యమై ఉంటుంది. ఇంకా ప్రమాదం, హోస్ పైపు పగిలి కూలెంట్ మొత్తం కారిపోయినప్పుడు. సెన్సర్‌కు ద్రవం తగలక గాలి తగులుతుంది, ముల్లు మామూలుగానో కిందికి దిగో ఉంటుంది, ఈలోగా హెడ్ వంగిపోతుంది. అందుకే కూలెంట్ మట్టం తగ్గగానే మోగే అలారం, ఇంజిన్ హెడ్ లోహానికే తగిలించే టెంపరేచర్ మీటరు విడిగా అమ్ముతారు. రేడియేటర్ ఖరీదులో అవి చిన్న పాలు. అలారం సెన్సర్‌ను రేడియేటర్ పైభాగంలోనో పై హోస్‌లోనో పెట్టించాలి. కింద పెడితే నీరంతా పోయాక గానీ మోగదు.